మామగారు కొట్టిన గండి

మా మామగారికి నీళ్ల పిచ్చి. ఇప్పటి పిల్లలకి చెబితే, కుళాయి తిప్పితే వచ్చేదాని మీద పిచ్చేమిటని నవ్వుతారు. నవ్వనివ్వండి. తిరువూరులో చెరువు కింద ఆఖరి మడి మాది. చెరువు నిండిన ఏడు కూడా నీళ్లు మా దాకా వచ్చేవి కావు. పైమడుల వాళ్ల దగ్గర సాకులకి కొదవ లేదు. తూము పాడైందనేవాళ్లు, కాలవ పూడిపోయిందనేవాళ్లు, ఇప్పుడు తూము కదిలిస్తే కట్ట తెగి ఊరు మునుగుతుందనేవాళ్లు. వాళ్ల మడుల్లో మాత్రం వరి మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఉండేది.

అందుకని మా ఇంట్లో ఒక పద్ధతి ఏర్పడింది. ఊళ్లో ఏ పెళ్లో తిరునాళ్లో వచ్చి పైమడుల వాళ్లందరూ అటు పోగానే, మామగారు పార భుజాన వేసుకుని కాలవ మీదికి వెళ్లి అడ్డం తీసేసేవారు. వెనకే అత్తగారు పసుపు కుంకుమల పళ్లెం పట్టుకుని వెళ్లి పారే నీళ్లకి బొట్టుపెట్టి దండం పెట్టేవారు. దొంగతనంగా తెచ్చుకున్న నీళ్లకైనా మర్యాద మర్యాదే. రెడ్డిగూడెం మామిడి తోటల్లోంచి కాపరానికి వచ్చిన కొత్తలో ఆ పూజ చూసి నాకు నవ్వు ఆగేది కాదు. తరవాత్తరవాత అలవాటైపోయింది.

యాభైల మొదట్లో వరసగా వానలు ముఖం చాటేశాయి. చెరువులో గొర్రెలు మేశాయి. ఆ రోజుల్లోనే బెజవాడ వెళ్లిన మామగారికి ఎవరో చెప్పారు, కృష్ణ సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో భూములు చవగ్గా దొరుకుతున్నాయని. వెళ్లి చూసి వచ్చారు. ఆ రోజు ఆయన అన్నం తింటూ చెప్పిన మాటలు నాకింకా చెవుల్లో ఉన్నాయి. అక్కడ ఏరు ఎండదట. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి దానంతట అదే నిండుతుందట. చేను గట్టు మీద కూచుంటే కాళ్లకి నీళ్లు తగులుతాయట. ఏరు ఎందుకు అలా నిండుతోందని ఆయనా ఆలోచించలేదు, మేమూ అడగలేదు. నిండితే చాలు.

చెరువు కింది మడి, దాని పక్కనున్న పత్తి చేను అమ్మేసి ఆరెకరాలు కొన్నారు. బస్సులో బెజవాడ, అక్కడినుంచి కాలవ మీద పడవ. దారంతా మామగారు పడవ అంచున కూచుని నీళ్లలో చెయ్యి పెట్టుకునే వచ్చారు. అత్తగారు రెండు మూడు సార్లు విసుక్కున్నారు. మా ఆయన సామాను మధ్య కూచుని చుట్ట వెలిగించారు. ఆయన ఎప్పుడూ అంతే, తండ్రి మాటకి ఎదురు చెప్పాలనిపించినప్పుడల్లా చుట్ట వెలిగించుకుంటారు.

ఆ ఊరు ఏటిపాయ పక్కనే ఉంది. పాయకీ పొలాలకీ మధ్య ఒక మట్టి గట్టు, దాని మీద అక్కడక్కడా తాడిచెట్లు. మా చేను గట్టు వారనే. దానికి తూర్పున మా పొరుగాయన చేను, ఆ చేను చివర ఊరందరికీ మంచినీళ్ల చెరువు. ఊళ్లో బావుల నీళ్లు నోట పెట్టలేం, అన్నీ ఉప్పన. ఆ చెరువొక్కటే ఆధారం. పొరుగాయనా ఆయన భార్యా పిల్లలు లేనివాళ్లు. మేం దిగిన రోజే ఆవిడ బిందెడు మంచినీళ్లు తెచ్చి గడపలో పెట్టింది. ఆయన మామగారిని అన్నగారూ అని వరస కలిపేశాడు. నాకు ఆయన బాబాయిగారు, ఆవిడ పిన్నిగారు అయిపోయారు. మెట్టవాళ్లొచ్చారని ఊరు కాస్త ఎగతాళి చేసింది గానీ వీళ్లిద్దరూ చెయ్యలేదు.

మొదటి ఏడు కాలవ నీళ్లు చివరిదాకా వచ్చాయి. పంట విరగ్గాసింది. అంత ధాన్యం ఒక్కచోట ఉండటం మా ఇంటిల్లిపాదికీ అదే మొదటిసారి. అత్తగారు రాశి చుట్టూ తిరిగి దిష్టి తీశారు. మామగారు ఆ ఏడంతా తల ఎత్తుకుని నడిచారు. తిరువూరు నుంచి ఎవరైనా చుట్టాలొస్తే ముందు చేనుకి తీసుకెళ్లేవారు, తరవాతే కాళ్లకి నీళ్లు.

ఆ రోజుల్లోనే బాబాయిగారు ఆయనకి ఒక మాట చెప్పాడు. నేను పక్కనే కలుపు తీస్తున్నాను. "అన్నగారూ, ఆ గట్టు జోలికి మాత్రం పోమాకండి. ఎండినా సరే, దానికి పార తగిలించమాకండి, ఉప్పునీళ్లు లోపలికొస్తాయి. పెద్ద వరదొచ్చి ఏరు ఎర్రబడినప్పుడు ఊరంతా కలిసి నీళ్లు తీసుకుంటాం, అదీ సముద్రం పోటు లేనప్పుడు" అన్నాడు. మామగారు సరేనన్నారు. బాబాయిగారు అటు పోయాక మా ఆయన వైపు చూసి మీసంలో నవ్వుకున్నారు. తిరువూరులో పైమడుల వాళ్లు ఏ గొంతుతో కట్ట తెగుతుందనేవాళ్లో ఇదీ అదే గొంతని ఆయన లెక్క. నీళ్లున్న ప్రతి చోటా ఇలాంటి మాటొకటి ఉంటుందని ఆయన బతుకంతా చూశారు మరి.

రెండో ఏడు నాట్లు పడ్డాక వాన వెనక్కి తగ్గింది. ఏట్లో ఎర్రనీళ్లు రానేలేదు. కాలవ చివర మా దాకా తడి కూడా రాలేదు. కార్తీకం వచ్చేసరికి వరి పొట్ట మీదుంది, మడి నెర్రెలు విచ్చింది. బాబాయిగారి చేనూ అంతే. ఆయన పొద్దున్నే వచ్చి చూసుకుని, సగమైనా దక్కితే చాలనుకుని పోయేవాడు. మామగారికి అలా పోవడం చేతకాలేదు. గట్టెక్కి చూస్తే అవతల పాయ నిండుగా ఉంది. ఇవతల చేను చస్తోంది. ఆయన అన్నం సరిగ్గా తినడం మానేశారు.

పున్నమికి ఊరు ఊరంతా బళ్లు కట్టుకుని సముద్ర స్నానానికి పోయింది. వెళ్తే మర్నాటికి గానీ తిరిగి రారు. పిన్నిగారు నన్నూ రమ్మంది. చేను ఎండుతుంటే స్నానమేమిటని మామగారు ఒప్పుకోలేదు. ఊళ్లో మేం, మంచాన పడ్డ ముసలివాళ్లు మిగిలాం.

పొద్దెక్కేసరికి పాయ ఎన్నడూ లేనంత పైకి వచ్చింది. గట్టు తలకి జానెడు కిందుగా ఆడుతోంది. మామగారు పార తీశారు. అప్పుడు మా ఆయన నోరు విప్పారు. బాబాయి వచ్చేదాకా ఆగుదాం, ఒక్కమాట అడిగి చేద్దాం అన్నారు. మామగారు ఆగనైనా ఆగలేదు.

"అడిగితే ఎవడిస్తాడ్రా?" అన్నారు.

నిజం చెప్పాలంటే ఆయన మరీ గుడ్డిగా ఏమీ చెయ్యలేదు. గట్టు దిగి దోసెడు నీళ్లు తీసుకుని నోట్లో పోసుకున్నారు. నాకూ ఇచ్చారు. చప్పగా బాగానే ఉన్నాయి. ఇవి ఉప్పనివని ఎవడన్నాడు అని మమ్మల్నందరినీ గెలిచినట్టు చూశారు. ఏట్లోంచి వచ్చే మంచినీరు పైన తేలుతుందనీ, సముద్రంనుంచి ఎగదన్నే ఉప్పునీరు బరువుగా అడుగున పాకుతుందనీ మెట్టలో పుట్టినవాడికి ఎలా తెలుస్తుంది? మా తిరువూరు చెరువులో పైనా కిందా ఒకటే నీరు. ఆయన మాత్రం నీళ్లు జోరుగా రావాలని గండి గట్టు అడుగుకంటా కొట్టారు. అత్తగారు వచ్చి పసుపు కుంకుమ చల్లి, రవికె గుడ్డ వదిలి, మునిగిపోయే కాళ్లతో నిలబడి దండం పెట్టారు.

చేను నిండింది. నెర్రెలు నీళ్లు తాగుతుంటే బుడబుడమని చప్పుడు. మామగారి కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను కూడా సంతోషించాను, ఎందుకు దాచాలి. ఆ పూట పరమాన్నం వండాను.

మధ్యాహ్నానికి మడి నిండాక పూడ్చబోతే గండి వాళ్ల మాట వినలేదు. వేసిన మన్ను వేసినట్టే కొట్టుకుపోయింది. పోటు వెనక్కి పోయి పాటు తీసినప్పుడు కొంచెం తగ్గింది గానీ, తెల్లవారేలోపల ఇంకో పోటు వచ్చి గట్టుని బండి పట్టేంత మేర కోసేసింది. తెల్లారి చూద్దుం గదా, మా చేనూ బాబాయిగారి చేనూ కలిసి ఒకే చెరువైపోయాయి. దాని అవతల మంచినీళ్ల చెరువు గట్టు కూడా కనిపించలేదు.

ఆ పొద్దున చేలో వానపాములు పైకి వచ్చేశాయి. గట్ల మీదికి, గరిక మీదికి, మా గడప దాకా పాకి వచ్చి ఎండలో చచ్చిపోయాయి. అన్ని వానపాములు ఆ నేలలో ఉన్నాయని నాకు అంతకు ముందు తెలియదు. ఎక్కడెక్కడి కొంగలో వచ్చి వాలాయి. తెల్లకొంగలు వాలితే పంట పండుతుందని అత్తగారు చేతులు జోడించారు. ఆవిడకి అడ్డు చెప్పబుద్ధి కాలేదు.

స్నానాలకి పోయిన బళ్లు ఆ మధ్యాహ్నం వచ్చాయి. గట్టు మీద బండి ఆగగానే బాబాయిగారికి అంతా అర్థమైంది. మూట కింద పడేసి గండిలోకి దూకాడు. ఊరి మగవాళ్లందరూ తాటి మొద్దులూ గడ్డి మోపులూ తెచ్చి, పాటు తీసేవేళకి ఎలాగో పూడ్చారు. మామగారూ నడుంలోతు బురదలో నిలబడి మన్ను అందిస్తూనే ఉన్నారు. అంతా అయ్యాక బాబాయిగారు ఒంటి బురదతోనే మంచినీళ్ల చెరువు దగ్గరికి నడిచాడు. మేమంతా వెనకే వెళ్లాం. ఆయన వంగి దోసెడు నీళ్లు నోట పోసుకుని, ఉమ్మేశాడు.

పిన్నిగారు చెరువు మెట్టు మీదే కూలబడిపోయింది. ఆవిడ ఏడవలేదు. ఖాళీ బిందె ఒళ్లో పెట్టుకుని అలా కూచుంది.

పొట్ట మీదున్న వరి ముందు కొనలు తెల్లబడి, తరవాత ఆకు మొత్తం ఎర్రగా కాలి, వెన్ను బయటికి రాకుండానే లోపల కుళ్లింది. చెరువులో కలువాకులు నల్లబడ్డాయి. చేపలు తేలాయి. మడి ఆరేకొద్దీ పైన తెల్లటి పొర కట్టింది, పశువులు దాన్ని నాకి పారుకున్నాయి. ఆ చలికాలం నుంచి ఆ వైపు కప్పలు అరవలేదు. వాటి బదులు పీతలు వచ్చి గట్టు నిండా బొరియలు చేశాయి. మా ఇంటి మట్టిగోడలు కింది నుంచి చెమ్మ పట్టి, చెయ్యి ఆనిస్తే పొడి రాలేవి.

పంచాయితీలో ఊరి పెద్దలు మామగారిని కేకలేస్తారనుకున్నాం. జరిమానా వేస్తారనుకున్నాం. వాళ్లు కాసేపు గొణుక్కుని, మెట్టవాడు, తెలియక చేశాడు, వదిలెయ్యండి అన్నారు. నాలుగు తిట్టినా ఆయన తట్టుకునేవారు. 'తెలియక' అన్న ఆ మాటకి ఆయన తల ఇంక పైకి లేవలేదు. తనకి చెప్పారనీ, తాను నమ్మలేదనీ ఆయనకి తెలుసు, బాబాయిగారికి తెలుసు, నాకు తెలుసు. బాబాయిగారు ఆ మాట పంచాయితీలో బయటపెట్టలేదు.

మంచినీళ్లు పైనుంచి పడవలో పీపాలతో తెప్పించుకోవలసి వచ్చింది. ఆడవాళ్లందరం రేవులో బిందెలతో నిలబడేవాళ్లం. నేను వెళ్లగానే మాటలు ఆగిపోయేవి. పిన్నిగారొక్కతే నా పక్కకి వచ్చి నిలబడేది. పడవ రాని రోజు బావినీళ్లే గతి. ఆ నీళ్లలో కందిపప్పు ఎంత కాచినా ఉడకదు, బద్ద బద్దగానే ఉంటుంది. ఆ పప్పు మామగారి కంచంలో పెట్టేటప్పుడు గరిటె ఠప్పున కొట్టేదాన్ని. నా కోపం అంతే, మాటలో కంటే గరిటెలో ఎక్కువ. ఆయన వంచిన తల ఎత్తకుండా పలుకు పలుకూ నమిలి తినేవారు.

వాన కడిగితే నేల బాగుపడుతుందని బాబాయిగారు చెప్పాడు. మడిలో వాననీరు నిలగట్టాలి, పాటు వేళ తీసెయ్యాలి, మళ్లీ నిలగట్టాలి. అలా చేస్తే రెండు మూడేళ్లకి ఉప్పు దిగిపోతుంది. మామగారు ఈసారి ఆ మాటని వేదంలా పట్టుకున్నారు. వాన మొదలైతే చాలు, గోనె కప్పుకుని చేలో ఉండేవారు. తన చేను అయ్యాక బాబాయిగారి చేను కూడా ఆయనే కడిగేవారు, వద్దన్నా వినకుండా. ప్రతి కడుగుకీ చిటికెడు మన్ను తీసి నాలుక మీద వేసుకునేవారు. ఆయన మొహం చూసి ఆ పూట మన్ను ఎలా ఉందో మేం చెప్పగలిగేవాళ్లం.

మరుసటేడు నారు పచ్చగా లేచింది. ఇంటిల్లిపాదిమీ వంగి నాటాం. పక్షం తిరక్కుండానే కొనలు తెల్లబడ్డాయి. ఆపై ఏడూ అంతే. మడిలో వరికి బదులు ఎర్రటి కాడలతో, ముద్ద ముద్ద ఆకులతో ఒక ఉప్పుమొక్క మొలిచి చేనంతా పరుచుకుంది. చూడ్డానికి ఎంత అందంగా ఉండేదో, అంత ఒళ్లు మండేది. ఇంట్లో గింజ లేని స్థితి వచ్చాక మా ఆయన మొదటిసారి తండ్రిని అడగకుండా ఒక నిర్ణయం తీసుకున్నారు. తిరిగి తిరువూరు వచ్చేశాం.

బయల్దేరే ముందు మామగారు బాబాయిగారి దగ్గరికి వెళ్లి తన ఆరెకరాలూ తీసుకోమన్నారు. పాడుచేసినదానికి బదులుగా అన్నారు. బాబాయిగారు ఆయన చేతులు పట్టుకుని, మీ చేను మీదేనండి, బాగుపడ్డాక వచ్చి చేసుకుందురు గాని అన్నాడు. ఆ ఒక్కమాటే ఆయన్ని బతికించింది.

తిరువూరులో మా ఆయన కౌలుకి పత్తి వేశారు, పక్కన ఒక నూనె మిల్లులో పనికి కూడా కుదిరారు. మామగారు ఏ పనీ చెయ్యలేక బస్సులు ఆగేచోట కూచునేవారు. బెజవాడ బస్సు దిగిన ప్రతివాణ్నీ, కింద కృష్ణ వైపు వానలు ఎలా ఉన్నాయండీ అని అడిగేవారు. బెజవాడ దాటి ఎరగని వ్యాపారులు కూడా ఆయన కోసం ఏదో ఒకటి చెప్పేవాళ్లు. బాగా కురిశాయంటే ఆ పూట ఇంకో ముద్ద అన్నం అడిగేవారు. రెండు మంచి వానలు పడి ఉంటాయి అమ్మాయ్, సగం ఉప్పు దిగిపోయి ఉంటుంది అని నాతో చెప్పేవారు. మూడో ఏడు ఇంకా నమ్మకంగా చెప్పారు. ఆ చేను బాగుపడుతుంది, తను చేసిన పాడు తన కళ్లముందే మానుతుంది, పోయి ఒక్క పంట తీసి సగం బాబాయిగారి ఇంట్లో పోసి వస్తాను, ఇదీ ఆయన ఆశ. దానికోసమే ఆయన లేస్తున్నారు, తింటున్నారు. నేను గరిటె చప్పుడు చెయ్యడం ఎప్పుడు మానేశానో నాకే గుర్తులేదు.

యాభైల చివర్లో ఒక వేసవి సాయంత్రం ఎ.కొండూరు వైపు నుంచి నాలుగు బక్కచిక్కిన పశువుల్ని తోలుకుంటూ ఇద్దరు నడిచి వచ్చి మా ఇంటి ముందు ఆగారు. ఇద్దరూ సగమైపోయారు గనక ముందు పోల్చుకోలేదు. బాబాయిగారూ పిన్నిగారూ. మేం దిగిన రోజు ఆవిడ మాకు నీళ్లు తెచ్చింది గదా, నేను పరుగెత్తి కడవ తెచ్చాను. ఆవిడ చెంబు ఎత్తి, మధ్యలో ఊపిరి కూడా తీసుకోకుండా తాగింది.

అన్నాలయ్యాక ఆయన చెప్పాడు. ఏరు ఇప్పుడు పైనుంచి ముందులా రావడం లేదట. సముద్రాన్ని వెనక్కి నెట్టే బలం దానికి లేదట. దీపావళి రాకుండానే పాయ అడుగు నుంచి పైదాకా ఉప్పన. గండి ఎవరూ కొట్టలేదు. గట్టు గట్టులాగే ఉంది, నీరు దాని కిందుగా ఊరి వస్తోంది. ఊరి చుట్టుపక్కల చింతచెట్లన్నీ నిలువునా ఎండాయి. సగం ఊరు లేచిపోయింది. పశువులకి తాగించే చుక్క లేక వీళ్లూ బయల్దేరారు, మెట్టలో ఎక్కడైనా ఇంత చోటు దొరకదా అని.

అంతా చెప్పి మామగారి దగ్గరికి జరిగి కూచున్నాడు. ఈ మాట కోసమే ఆయన మిగతా దారులన్నీ వదిలి తిరువూరు దారి పట్టాడని నాకనిపించింది.

"ఆ రోజు మీరు గండి కొట్టకపోయినా, ఇంకో రెండేళ్లకి అంతేనండి అన్నగారూ. అది మీవల్ల కాదు. మీరింక మనసులో పెట్టుకోమాకండి."

అత్తగారు కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేశారు. ఇన్నేళ్ల బరువు దిగిందని ఆవిడ ఏడుపు. నా గుండె కూడా తేలికపడింది. బాబాయిగారి కాళ్లకి దండం పెట్టాలనిపించింది. మా ఆయన చుట్ట వెతుక్కుంటూ బయటికి వెళ్లిపోయారు.

మామగారొక్కరే కదల్లేదు. మరి వానలు పడుతున్నాయి గదా అని అడిగారు.

పడుతున్నాయండి, కడుగుతున్నాయి, నాలుగు రోజులకి మళ్లీ ఉప్పే అన్నాడు బాబాయిగారు.

మామగారు తల ఊపారు. నేను కంచం తియ్యడానికి వంగితే, నాకు మాత్రమే వినపడేలా అన్నారు.

"నా తప్పే అయితే బాగుండేది అమ్మాయ్. నా తప్పయితే వానకి పోయేది."